పావు చుట్టు వెనక్కి

చుట్టుపక్కల పది ఊళ్ళలో నౌకాదళంలో చేరిన మొదటివాడు అతనే. బడిలో లెక్కల్లో రెండోవాడు, ఈత పరీక్షలో బ్యాచ్‌కే మొదటివాడు. శిక్షణ ముగిసిన రోజు పెరేడ్‌లో ముందు వరుసలో నడిచాడు. తొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్కనాడు కూడా డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళి ఎరగడు. ఇవన్నీ కాగితాల మీద ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు. ఆ కాగితాల్లోనే ఎర్ర సిరాతో ఒక గీత కూడా ఉంది. దాన్ని దాచాల్సిన పని లేదు.

పంతొమ్మిదో ఏట ఓడ ఎక్కాడు. రెండు వందల మంది ఉన్న ఓడ అది. మూడంతస్తుల మంచాల్లో అతనికి నడిమిది వచ్చింది. కళ్ళు తెరిస్తే జానెడు ఎత్తులో పైవాడి పరుపు. మొదటి రోజే నలుగురిలో, "మా బావి దగ్గర మోటారు నేనే నడిపేవాణ్ణి" అని గొప్పగా చెప్పాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ పూట నుంచి అతని పేరు మోటారు. "ఏరా మోటారూ, సముద్రం తోడేశావా?" అని అడిగేవారు. అతను మాట తగ్గించుకున్నాడు.

పని ఇంజిన్ గదిలో, నాలుగేసి గంటల వంతులు. ఆ వంతునే వాచ్ అంటారు. ఆ రొదలో మాటకు చోటు లేదు, అంతా చేతి సైగలే. పైకొస్తే పేకాట గుంపు ఒకటి, పాటల గుంపు ఒకటి. ఎటు చేరాలన్నా ఎవరో ఒకరు జరిగి చోటివ్వాలి. జరిగేవాడు లేడు. పళ్ళెం పట్టుకుని బల్ల చివర కూర్చుని, రంగు డబ్బా మీది అక్షరాలు మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటూ తినేవాడు.

ఓడ రేవుకు వచ్చినప్పుడల్లా అక్కకు ఫోన్ చేసేవాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే.

"తింటున్నావా?"

"ఆఁ, తింటున్నా."

"స్నేహితులున్నారా?"

"బోలెడంత మంది."

"ఏదీ, ఒకడి పేరు చెప్పు చూద్దాం."

"బక్కోడు."

"అదేం పేరురా!" అని అక్క నవ్వింది.

బక్కోడు ఉన్న మాట నిజమే. ఇతని వాచ్ అయ్యాక తర్వాతి వాచ్‌కి దిగొచ్చేవాడు బక్కోడే. వచ్చి భుజం మీద రెండుసార్లు తట్టేవాడు, పొట్ట నిమురుకుని తిన్నావా అన్నట్టు కళ్ళెగరేసేవాడు, జేబులోంచి నాలుగు వేరుశెనగ గింజలు తీసి చేతిలో పోసేవాడు. రెండు నిమిషాల స్నేహం. రోజంతటికీ అదే.

ఆరో నెలలో వాచ్ సర్టిఫికెట్ రావాలి. అది చేతికొస్తే ఇంజిన్ గదిలో సొంతంగా నిలబడవచ్చు. రాకపోతే ఓడ అడుగున చేరే నూనె మురుగు ఎత్తిపోయాలి. ఊళ్ళో అక్క మొగుడు, బావ, ఆ సర్టిఫికెట్ గురించి అప్పటికే వీధి వీధంతా చెప్పేశాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున వాచ్‌లో, ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ళ రెండో పంపు వాల్వ్ తెరిచాడు. చక్రం ఇక తిరగనని మొండికేసేదాకా తిప్పి, పైన ఇంకో పట్టు పట్టాడు. బావి దగ్గర అలవాటది. ఓడలో పద్ధతి వేరు. పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పాలి. అప్పుడు తర్వాత వచ్చినవాడు చెయ్యి వేయగానే చక్రం కాస్త ఆడుతుంది, తెరిచే ఉందని తెలుస్తుంది. శిక్షణలో చెప్పారు. వాల్వులు నాకు తెలియనివా అని అతను చెవిన పెట్టలేదు.

మధ్యాహ్నం తింటుంటే గ్లాసులో నీళ్ళ వణుకు సగానికి తగ్గింది. రెండు ఇంజిన్లలో ఒకటి ఆగిందన్నమాట. కిందికి పరుగెత్తేసరికి వాల్వ్ చక్రం ఊడి బక్కోడి చేతిలో ఉంది. ఇంజిన్ గదికి పెద్ద అయిన చీఫ్ నిప్పులు కక్కుతున్నాడు.

"తెరిచున్నదానికి రాడ్డు వేసి తిప్పుతావా? కళ్ళు నెత్తికెక్కాయా?"

"బిగుసుకుపోయింది చీఫ్. మూసుందనుకున్నా. తెరిచుంటే ఆడాలి కదా?"

చీఫ్ ఇటు తిరిగాడు. "పొద్దున తెరిచింది నువ్వేగా మోటారూ. పావు చుట్టు వెనక్కి తిప్పావా లేదా?"

విరిగిన వాల్వ్ ఎలాగూ సాక్ష్యం చెప్పదు. సర్టిఫికెట్ కళ్ళ ముందు ఆడింది.

"తిప్పాను చీఫ్."

బక్కోడు ఒక్కసారి చూశాడు. తప్పు బక్కోడి మీద పడింది.

మర్నాడు బక్కోడు వాచ్‌కి దిగొచ్చాడు. మీటర్లు చూసుకున్నాడు, పుస్తకంలో సంతకం పెట్టాడు. భుజం తట్టలేదు. చెయ్యి జేబు వైపు పోలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఇతనే మెట్లెక్కి తిన్నగా చీఫ్ గది తలుపు కొట్టాడు.

"నేను వెనక్కి తిప్పలేదు చీఫ్. అబద్ధం చెప్పాను."

"ఎందుకు తిప్పలేదు?"

"మా మోటారు నేనొక్కణ్ణే ముట్టుకునేవాణ్ణి. నా తర్వాత వచ్చేవాడు లేడక్కడ."

చీఫ్ ఎర్ర సిరా పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. "ఇక్కడ ఉన్నాడు కదరా," అన్నాడు.

ఎర్ర గీత పడింది. సర్టిఫికెట్ ఏడాది వెనక్కి పోయింది. బక్కోడి మీద మచ్చ తొలగిపోయింది, కానీ పాత బక్కోడు తిరిగి రాలేదు. పదిహేను రోజుల్లో వేరే ఓడకు బదిలీ అయ్యాడు. సంచీ భుజానేసుకుని వెళ్ళేటప్పుడు, నడుందాకా మురుగులో ఉన్న ఇతన్ని చూసి తల మాత్రం ఊపాడు.

ఏడాది మురుగు ఎత్తిపోశాడు. తర్వాత పరీక్ష రాసి మొదటి మార్కుతో సర్టిఫికెట్ తీసుకున్నాడు. మంచి నడవడికకు రెండు చారలు చేతికి ఎక్కాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు వాల్వులు నేర్పే పని చీఫ్ ఇతనికే అప్పజెప్పాడు. నేర్చుకున్నవాళ్ళు నేర్చుకుని తమ గుంపుల్లోకి వెళ్ళిపోయేవారు. అతను బల్ల చివరే తినేవాడు. "బక్కోడు బాగున్నాడా?" అని అక్క ప్రతి ఫోన్‌లోనూ అడిగేది. "బాగున్నాడక్కా," అని తొమ్మిదేళ్ళూ చెప్పాడు.

సర్వీసు ముగించుకుని ఇంటికి వచ్చిన మర్నాడు తెల్లారే బావి దగ్గరికి వెళ్ళి నీళ్ళు వదిలాడు. కాసేపటికి బావ వచ్చి చక్రం మీద చెయ్యి వేశాడు.

"ఎవరు వదిలారు దీన్ని? చివరిదాకా తిప్పలేదేం?"

"నేనే బావా. తిప్పి, పావు చుట్టు వెనక్కి తెచ్చాను."

"నీళ్ళు తగ్గవూ?"

"తగ్గవు. నువ్వు చెయ్యి వేస్తే తెలియాలని."

"ఏం తెలియాలి?"

"తెరిచే ఉందని."

బావ ఇంకోసారి చక్రాన్ని అటూ ఇటూ ఆడించి చూశాడు. "నౌకాదళంలో ఇదా నేర్పింది!" అని, గట్టు మీద కాస్త పక్కకు జరిగి అతనికి చోటిచ్చాడు.