నలభై ఒకటో నంబరు

మొన్న ఆదివారం ఇక్కడ అమెరికాలో, ప్లేనోలో మా అమ్మాయి వాళ్ల వంటింటి బల్ల దగ్గర మా మనవరాలు లాప్‌టాప్ ముందేసుకుని ఒక ఫారం నింపుతూ కూర్చుంది. లా చదువు పూర్తి కావస్తోంది, ఇక లాయరుగా లైసెన్సు ఇవ్వాలంటే బుద్ధెరిగిన నాటినుంచి తను చేసిన తప్పులన్నీ అందులో రాసివ్వాలట. నాబోటివాడు నింపాల్సివస్తే ఆ కంప్యూటరులో చోటు చాలదు కదా అనుకుని, కాఫీ తాగుతూ లోలోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

దానికంటే ముందు మీకొక సంగతి చెప్పాలి. ఈ ఊరికి వచ్చి ఆరేళ్లయింది. గుళ్లో ప్రసాదం లైన్లోనూ, ఇండియన్ స్టోర్లో బెండకాయలు ఏరేటప్పుడూ, దొరికిన ప్రతివాడికీ మా లా కాలేజీ ఘనత వినిపించాను. మా బ్యాచ్‌లోంచి ఒక హైకోర్టు జడ్జి, ఒక మంత్రి, ఇద్దరు పబ్లిక్ ప్రాసిక్యూటర్లు వచ్చారనీ, పరీక్షల ముందు వాళ్లందరికీ పాఠాలు చెప్పింది నేనేననీ, నేను కోర్టు హాల్లో అడుగుపెడితే అవతలి లాయరు గొంతు తడారిపోయేదనీ. మీ దగ్గర దాపరికమెందుకు, ఆ హైకోర్టు జడ్జిగారు జిల్లా జడ్జి మాత్రమే. మంత్రిగారు మా కాలేజీలో చదివింది ఒక్క ఏడాది, అదీ తప్పారు. ప్రాసిక్యూటరు ఒక్కడే. నేనంటారా, మునసబు కోర్టులో ముప్పై ఏళ్లు వాయిదాలు అడిగి అడిగి అందులో ఆరితేరినవాణ్ణి. అవతలి లాయరు గొంతు తడారిన మాట నిజమే, మే నెలలో ఆ హాల్లో ఫ్యాను తిరిగేది కాదు.

సరే, ఆ వేళ మా మనవరాలు ఏం రాస్తోందో వంగి చూసి మా అమ్మాయి కంగారుపడింది. డిగ్రీ మొదటి ఏడాది క్లాసులో హాజరు కోసం పిల్లలందరి దగ్గరా క్లికర్ అని ఒక చిన్న మీట ఉండేదట, నిద్ర లేవని రూమ్మేటు మీట కూడా ఒకరోజు ఇదే నొక్కిందట, కాలేజీవాళ్లు పట్టుకుని, వార్నింగ్ ఇచ్చి వదిలేశారట.

"అది రాయకే బాబూ, ఎవరికి తెలుస్తుంది? చేతిలో ఆఫర్ ఉంది, లైసెన్స్ డిలే చేస్తే ఏం చేస్తావ్?" అంది మా అమ్మాయి.

"మామ్, దే ఆస్క్‌డ్. నేను లై చెయ్యను."

"నాన్నా, నువ్వు లాయర్‌వి కదా, నువ్వే చెప్పు దానికి."

ఇద్దరూ నా వైపు తిరిగారు. పాత అలవాటున, వదిలెయ్యమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. కళ్లముందు నలభై రెండో నంబరు నిలబడ్డాడు.

మా క్లాసులో నాది నలభై ఒకటి, మా గదిమిత్రుడిది నలభై రెండు. సాక్ష్య చట్టం చెప్పే మా లెక్చరరుగారు హాజరుపట్టీలోంచి తల ఎత్తకుండా నంబర్లు చదివేవారు కాబట్టి, నేను మ్యాటినీలో ఉన్న రోజుల్లో వాడు నలభై ఒకటికి బొంగురు గొంతుతోనూ, నలభై రెండుకి సొంత గొంతుతోనూ "ఎస్ సార్" అనేవాడు. పరీక్షల ముందు వాళ్లకీ వీళ్లకీ పాఠాలు చెప్పిందీ వాడే, నేను కాదు. మొత్తం బ్యాచ్‌లో చట్టం నిజంగా ఒంటబట్టినవాడు వాడొక్కడే. ఒకనాడు లెక్చరరుగారు తల ఎత్తారు. మర్నాడు ప్రిన్సిపాలు గదిలో ఇద్దరినీ నిలబెడితే, వాడు నా పేరు ఎత్తకుండా, సరదాకి నేనే పలికాను సార్ అన్నాడు. నేనేం చేశానో తెలుసా? నాకు జ్వరం సార్, నాకీ సంగతే తెలియదు అంటూ, తెలిసిన డాక్టరు చేత ఆ ఉదయమే రాయించుకున్న సర్టిఫికెట్టు జేబులోంచి తీశాను. వాడు నాకేసి ఒక్కసారి చూశాడు, అంతే. ఆ ఏడు వాణ్ణి పరీక్ష రాయనివ్వలేదు, వాళ్ల నాన్న మళ్లీ చదివించలేదు. నేను మాత్రం నల్లకోటు తొడుక్కున్నాను.

వాడు మా తాలూకా రిజిస్ట్రారాఫీసు ముందు దస్తావేజులు రాసుకుంటూ బతికాడు. వాడు రాసిన కాగితం మీద ఎన్నడూ ఎవరూ కోర్టుకెక్కలేదని జనం చెప్పుకునేవారు, అంటే మాబోటి ప్లీడర్లకి కూడు లేకుండా చేశాడన్నమాట. నేను ఇక్కడికి వచ్చే ముందు ఖాళీ స్థలం ఒకటి అమ్ముతూ, ఎన్నో ఏళ్ల తరవాత వాడి బల్ల ముందు కూర్చున్నాను. సాక్షి సంతకానికి రావలసిన మనిషి రాలేదు. వాడు కళ్లజోడు పైకి నెట్టుకుని, "పోనీలేరా, నీ తరపున పలకడం నాకు అలవాటేగా" అని సంతకం గీకి పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు వెనకాల చెప్పవలసిన మాట ఉండిపోయింది. పోయినేడు వాడు పోయాడు.

ఇదంతా వాళ్లిద్దరికీ చెప్పాను, కోతలు తీసేసి. మా అమ్మాయి కప్పులు తీసుకుని సింకు వైపు వెళ్లిపోయింది. మా మనవరాలు మాత్రం అడిగింది.

"సారీ చెప్పావా తాతా?"

"లేదమ్మా. నువ్వు రాసెయ్యి."

అది రాసి పంపించేసింది. లైసెన్సు సంగతి ఇంకా తేలలేదు.

వచ్చే శనివారం దాని పట్టాల పండగ. అక్కడ నంబర్లుండవట, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తారట, పిలిచినవాళ్లే వేదికెక్కి వెళ్లాలట. మా రోజుల్లో తల ఎత్తి చూసేవాళ్లు లేరు, నీ తప్పేమిటని ఫారమిచ్చి అడిగినవాళ్లూ లేరు. అడిగితే మాత్రం నేను చెప్పేవాణ్ణా? ఒక్కసారి అడిగారు, జేబులోంచి సర్టిఫికెట్టు తీశాను. ఇప్పటికీ తెల్లవారుజామున మెలకువ వస్తే ఆ హాజరుపట్టీ చెవిలో పడుతుంది. నలభై ఒకటి దగ్గర నేనే పలుకుతాను. నలభై రెండు అన్నాక, వాడి గొంతు నాకు చేతకాదు.