నాలా వైపు తలుపు

చిలకలగూడలో కర్రీ పాయింట్ నడిపే శేషారత్నాన్ని వయసెంతని అడిగి చూడండి, అంకె చెప్పదు. "ఉప్పెనకి నాకు పదేళ్ళు" అంటుంది. ఎదుటివాళ్ళకి అర్థమయిందా లేదా అన్న గొడవే లేదావిడకి. దివిసీమలో ఆ కాలం వాళ్ళ లెక్కంతా అంతే. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, పొలాల అమ్మకాలు, ఏదైనా ఉప్పెనకి ముందో తర్వాతో జరిగినట్టే.

పెళ్ళై సికింద్రాబాద్ వచ్చింది, భర్త పోయాడు, నెత్తిమీద జుట్టు తెల్లబడింది. సముద్రం మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. బియ్యం నేలమీద పెట్టదు, అటకెక్కిస్తుంది. తూర్పుగాలి తిరిగిందంటే కూరలు సగమే వండుతుంది. గుమ్మం పక్కన మేకుకి పెద్ద తాడు చుట్ట వేలాడాల్సిందే. కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు విమలమ్మకి ఆ తాడంటే ఎంత నవ్వులాటో!

"ఏందీ వదినె, గీడ సముద్రం ఏడుందని గీ తాడు?"

"మీకేం తెలుసు లెండి వదినా, బండలమీద పుట్టినవాళ్ళు!" అని ఈవిడ మూతి తిప్పేది. ఇద్దరికీ పొద్దుపోయేది ఆ కీచులాటతోనే.

ఆ మధ్యాహ్నం వాన మామూలుగానే షురూ అయింది. ఓ గంటలో గల్లీ కాలువైంది. విమలమ్మ కొడుకు రాజేందర్ వాన హెచ్చరిక విని పొద్దున్నే రెండు తలుపులకీ ఇసుక బస్తాలు అడ్డంపెట్టి, కార్ఖానా ఏరియాలో తను పనిచేసే మెకానిక్ షెడ్డుకి పోయాడు. ఒక తలుపు వీధిలోకి, రెండోది ఇంటి వెనక పారే మురుగునీటి నాలా వైపు. విమలమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అయి ఎన్నాళ్ళో కాలేదు. మంచం దిగాలంటేనే తక్లీఫ్, ఇంక మేడ మెట్లెక్కే మాటెక్కడిది?

శేషారత్నం లోపలి మెట్లు దిగి వచ్చేసరికి బాత్‌రూమ్ తూములోంచి నీళ్ళు ఎగదన్ని, పాదాలు మునుగుతున్నాయి. గబగబా కరెంటు మెయిన్ ఆపేసింది. అంతలో రాజేందర్ ఫోన్.

"అత్తమ్మా, ట్రాఫిక్ల ఇరుక్కున్న. జెర అమ్మను చూస్కో. తలుపులు మాత్రం తియ్యకుండ్రి!"

సరేనంది గానీ, ఆ మూసిన తలుపులు చూస్తుంటే ఆవిడకి ఊపిరాడలేదు. ఉప్పెన రాత్రి పక్కింటివాళ్ళు తలుపులు బిగించుకుని కూర్చున్నారు. తెల్లారి వాళ్ళందరినీ గోడ కిందనించే తీశారు. శేషారత్నం నాన్న మాత్రం తమ ఇంటి రెండు తలుపులూ బార్లా తీసేశాడు. "నీటికి దారియ్యాలి, లేకపోతే మనల్ని తీసుకుపోద్ది" అన్నాడు. కూతుర్ని తాడుతో తాటిచెట్టుకి కట్టాడు. తాడు చాలక ఆవిడ తమ్ముణ్ణి చంకనెత్తుకున్నాడు. తెల్లారేసరికి నాన్న చేతులు ఖాళీగా ఉన్నాయి.

నీళ్ళు పిక్కలకొచ్చాయి.

"వదినె, తియ్యకు! పోరగాడు వద్దన్నడు గదా!" విమలమ్మ మంచం మీంచి అరుస్తూనే ఉంది. శేషారత్నం బస్తాలు పక్కకి లాగేసి, నాలా వైపు గడియ తీసేసింది.

అయ్యో, ఎంత పని చేసింది! అది వచ్చి వెళ్ళిపోయే సముద్రపు నీరు కాదు. ఇంటి నేల కంటే ఎత్తుకి పొంగిన నాలా, పోవడానికి చోటులేక ఆ గుమ్మం కోసమే కాచుకున్నట్టు ఒక్కసారిగా ఇంట్లో పడింది. తలుపు గోడకి కొట్టుకుంది. మళ్ళీ మూద్దామని భుజం ఆనించింది గానీ, అది కదిలితేనా? నీళ్ళు నడుం దాకా వచ్చాయి. మంచం తేలి పక్కకి ఒరిగింది. విమలమ్మ కిటికీ ఊచ పట్టుకుని వేలాడుతోంది.

చేతులారా చంపుకుంటున్నానే అనుకుంది శేషారత్నం. మేడెక్కి తాడు తెచ్చింది. ఒక కొస మెట్ల కటకటాలకి బిగించింది, రెండో కొస విమలమ్మ చంకల కింద చుట్టి తన నడుముకి ముడేసుకుంది. ఆ తాడు పట్టుకునే ఆవిణ్ణి నీళ్ళలో మెట్ల దాకా లాక్కొచ్చింది.

"నువ్వు పైకి పో వదినె. నాతోని కాదు."

"నోర్మూసుకుని కూర్చుని జరగండి. వెనక్కి! ఇంకొంచెం!"

విమలమ్మ మెట్టు మీద కూలబడటం, శేషారత్నం వెనకనించి లాగడం. జారడం, తిట్టుకోవడం, మళ్ళీ లాగడం. పైమెట్టు మీదికి చేరి ఇద్దరూ అక్కడే వాలిపోయారు.

రాజేందర్ నీళ్ళలో పడుతూ లేస్తూ వచ్చాడు. బార్లా తెరిచిన తలుపు చూసి కేకపెట్టాడు. "ఎవరు తీసిండ్రు? మా అమ్మను సంపుదామనే?"

శేషారత్నం నోరు విప్పబోయింది.

"నేనే తీయమన్న" అంది విమలమ్మ. "మూసిపెడితే దమ్ము ఆడలే. ఏం జేస్తవ్, కొడతవా?"

వాడు గొణుక్కుంటూ మెట్లెక్కి, తల్లి చంకల కింద తాడు విప్పబోయాడు. శేషారత్నం వాడి చెయ్యి ఫెడీమని కొట్టింది. తాడు రెండు చేతులా గుండెలకి హత్తుకుని, ఉప్పెననాటి పిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

"ఉండనియ్యి బిడ్డా, జోలికి పోకు" అంది విమలమ్మ, ఆవిడ తల ఒళ్ళోకి తీసుకుంటూ. "నీళ్ళు దిగినంక ఆమెనే ఇప్పుతది."