చెవి బాబాయి తప్పు విన్న పూట

మా చెవి బాబాయి ఎవరినైనా ముందు కడుపుతోనే పలకరిస్తాడు. తన కడుపుతో కాదు, అవతలివాళ్ళ కడుపుతో. మీ పేరేమిటి, మీరెవరి తాలూకు, ఇవన్నీ ఆయనకు తరవాతి సంగతులు. ముందు కాస్త పక్కకు ఒరిగి, కుడిచెవి మీవైపు తిప్పి, కళ్ళు మూసుకుని వింటాడు. విన్నాక "పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదే" అనో, "నిన్న తిన్నది ఇంకా అక్కడే కూర్చుంది" అనో తీర్పు చెప్తాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

ఆయన స్వయానా మా నాన్నకు తమ్ముడు. పోటీల్లో అడ్డుకంచెలు దూకే ఇరవైరెండు గుర్రాలున్న శాలలో మేత, ఆరోగ్యం చూసే పెద్ద. నేను చిన్నప్పట్నుంచీ వాళ్ళింట్లోనే పెరిగి, అదే శాలలో స్వారీ చేసేదాన్ని. చేరిన మొదటి రోజే ఇంటిపేరు పోయి "చెవి బాబాయి వాళ్ళమ్మాయి" అన్న పేరు స్థిరపడింది.

న్యాయంగా చెప్పాలంటే ఆ అలవాటు ఆయన పనిలోంచి వచ్చిందే. మనకు తిన్నది పడకపోతే కక్కేస్తాం. గుర్రానికి ఆ అదృష్టం లేదు. నోట్లోంచి లోపలికి వెళ్ళిందంటే ముందుకే పోవాలి, దారిలో ఆగిందా ప్రాణం మీదికొస్తుంది. అందుకని మేత వేసే ముందూ, పోటీకి బయల్దేరే ముందూ గుర్రం డొక్కకు చెవి ఆనించి వినాలి. కుడివైపు పైనా కిందా, ఎడమవైపు పైనా కిందా. నాలుగు చోట్లా గుడగుడమంటే క్షేమం. ఎక్కడైనా చప్పుడు లేదంటే మేత ఆపేసి డాక్టరుకు కబురు పెట్టాలి. ఈ పని ఏ శాలలోనైనా చేస్తారు. కాకపోతే అందరూ గుర్రాల దగ్గర ఆపుతారు, మా బాబాయి ఆపలేదు.

పెళ్ళైన కొత్తలో ఒకనాడు పిన్ని ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడట. ఆవిడ మురిసిపోయి జుట్టు నిమురుతూ కూర్చుందట. పావుగంట తరవాత లేచి, చిక్కుళ్ళు సరిగ్గా ఉడకలేదని చెప్పి వెళ్ళిపోయాడట. పాతికేళ్ళయినా పిన్ని ఈ ముక్క నవ్వకుండా చెప్పలేదు, చిక్కుళ్ళూ వండలేదు.

గుర్రాలకున్న నియమాలన్నీ ఇంట్లోనూ అమలే. గుర్రానికి మేత డబ్బాతో కొలిచి వెయ్యకూడదు, తూచి వెయ్యాలి. రెండుసార్లు బండెడు కాదు, నాలుగుసార్లు కొంచెం కొంచెం. ముందు నీళ్ళు, తరవాత గడ్డి, ఆ తరవాతే గింజలు. తిన్నాక రెండు గంటలు పరుగు నిషేధం. ఒకసారి పిన్ని తమ్ముడు భోజనానికొచ్చాడు. బాబాయి ఆయనకు చెంబెడు నీళ్ళు తాగించి, పళ్ళెం నిండా ఆకుకూర తినిపించి, అప్పుడు అన్నం వడ్డించాడు. తిని లేచి రైలుకు టైమవుతోందని చెప్పులేసుకుంటుంటే గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చున్నాడు. రైలు వెళ్ళిపోయింది. ఆ బావమరిది ఇప్పటికీ మా ఇంటికి వస్తే గుమ్మం బయటే పలకరించి పోతాడు.

కొత్త మేతకు గుర్రాన్ని పది రోజుల మీద అలవాటు చెయ్యాలన్నది ఇంకో నియమం. పిన్ని కొత్తరకం బియ్యం బస్తా తెస్తే మొదటి రోజు తొమ్మిది పాళ్ళు పాతవీ ఒక పాలు కొత్తవీ కలిపి వండించాడు. ఆ పది రోజులూ అన్నం సగం మెత్తగా, సగం పలుకుగా దిగేది. ఏమన్నా అంటే, కడుపులు నిమ్మళంగా ఉన్నాయా లేదా అని అడిగేవాడు. ఉన్నాయి మరి, ఏం చేస్తాం.

ఇంత హాస్యమాడుకున్నా ఆ చెవి మీద శాలలో అందరికీ గురి. ముప్ఫై ఒక్కేళ్ళలో ఒక్కసారి కూడా తప్పు వినలేదు. మా ఓనరు గారు వచ్చిన అతిథులకు కప్పులూ పతకాలూ చూపించాక, చివర్లో మా బాబాయిని పిలిచి ఆ చెవి చూపించేవారు. ఆయన కూడా కాస్త పక్కకు తిరిగి నిలబడేవాడు. ఆ మనిషికి ఉన్న గర్వమల్లా అదొక్కటే.

నేనెక్కే ఆడగుర్రానికి కాగితాల మీద బారెడు పేరుంది గానీ, శాలలో దాన్ని అందరూ గయ్యాళి అనేవాళ్ళు. జీను వేస్తే కొరకబోతుంది, నాడాలు కొట్టేవాణ్ణి చూస్తే కాలు ఝాడిస్తుంది. దూకడంలో మాత్రం దానికి సాటి లేదు. ఆ యేడు పెద్ద జట్టుకు ఎంపిక పోటీ పడింది. దూకేటప్పుడు కంచె మీది కర్ర ఒక్కటి పడితే ఫరవాలేదు, రెండు పడితే ఇంటికి. ఎంపిక కాకపోతే గయ్యాళిని ఇంకొకరికి ఇచ్చేస్తానని ఓనరు గారు ముందే చెప్పేశారు. ఏడేళ్ళ నా కష్టం ఆ ఒక్క రోజులో తేలాలి.

నాకున్న పాడుబుద్ధి ఏమిటంటే, పోటీ అంటే నాకు ముద్ద దిగదు. పైగా నేను ఎంత తేలికైతే గుర్రం అంత ఎత్తు దూకుతుందని ఎవరో అంటే విని తలకెక్కించుకున్నాను. మూడు రోజులు నిమ్మకాయ నీళ్ళ మీద గడిపాను. అడిగినవాళ్ళకల్లా తిన్నానని చెప్పాను. ఇది ఓనరు గారికి తెలిస్తే నా పని అయిపోయినట్టే. పస్తులుండి గుర్రమెక్కి మధ్యలో కళ్ళు తిరిగి పడ్డ ఒకాయన వల్ల శాలలో మంచి గుర్రం ఒకటి కాలు విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచీ తిండి మానేసినవాళ్ళకు ఆ శాలలో కళ్ళెం అందేది కాదు.

పోటీ రోజు ఉదయం గయ్యాళిని బండి ఎక్కించబోతుంటే బాబాయి వచ్చాడు. నేను కళ్ళెం పట్టుకుని దాన్ని ఆనుకుని నిలబడ్డాను. నిజం చెప్పొద్దూ, ఆనుకోకపోతే నిలబడలేను. ఆయన కుడివైపు విన్నాడు, ఎడమవైపు విన్నాడు, మళ్ళీ నేనున్న వైపు వచ్చి చాలాసేపు విన్నాడు. లేచి ఓనరు గారితో తాపీగా చెప్పాడు.

"దీని కడుపు మూగబోయిందండీ. బండి కదలడానికి లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా నంబరు రెండోది. ఇప్పుడు ఆగితే ఆఖరున దూకాలి, అప్పటికి కంచెల ముందు నేలంతా డెక్కలతో దున్నేసి ఉంటుంది. ఓనరు గారు తల పట్టుకున్నారు. కానీ చెప్పింది ముప్ఫై ఒక్కేళ్ళుగా తప్పు వినని చెవి. పోటీవాళ్ళకు ఫోన్ చేసి మా నంబరు ఆఖరుకు మార్పించారు. గుర్రాల డాక్టరమ్మకు కబురు బాబాయే చేశాడు.

తరవాత నన్ను గయ్యాళి కొట్టంలో గడ్డి మోపు మీద కూర్చోబెట్టి, పాలు పోసి కాచిన ఓట్స్ జావ గిన్నెడు తెచ్చి చేతికిచ్చాడు. ఎందుకన్నాను. గుర్రానికి ఆకలి చచ్చిందో లేదో తేలాలంటే దాని ఎదురుగా ఎవరైనా తినాలట. అది నోరు చాపితే ఆకలి ఉన్నట్టు, చాపకపోతే లేనట్టు. గుర్రం కోసం కాబట్టి కళ్ళు మూసుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను.

గయ్యాళి వెంటనే మెడ సాచి గిన్నెలో మూతి పెట్టబోయింది.

"చూశావా బాబాయ్, ఆకలి ఉంది దీనికి," అన్నాను.

"ఏమో, నాకు నమ్మకం కుదరలేదు. ఇంకొంచెం తిను," అన్నాడు దాని మెడ అవతలికి తోస్తూ.

ఒక గిన్నె అయింది. అది నా భుజం మీద చొంగ కారుస్తోంది. ఆయనకు నమ్మకం కుదరలేదు. రెండో గిన్నె అయింది. అది ముందు కాలితో నేల తవ్వుతోంది. ఆయనకింకా అనుమానమే. మూడో గిన్నె సగంలో అది నా టోపీ నమలడం మొదలుపెట్టాక, సరే, కాస్త నమ్మకం కుదిరిందన్నాడు. తరవాత కదలకుండా కూర్చోమన్నాడు. గయ్యాళి తలెత్తి మనుషుల్ని లెక్కపెడుతుందని, మనిషి కదిలితే దాని కడుపు సర్దుకోదని ఏదో చెప్పాడు. నేను కూర్చునే నిద్రపోయాను.

డాక్టరమ్మ రెండు గంటల తరవాత తాపీగా వచ్చింది. స్టెతస్కోపు నాలుగు చోట్లా పెట్టి, ఈ కడుపులో కచేరీ జరుగుతోంది, దీనికేం రోగమని అడిగింది. బాబాయి తల గోక్కుని, వయసైపోయిందండీ అన్నాడు. ఓనరు గారు అందరి ముందూ కడిగేశారు. రేపట్నుంచి వినే పని డాక్టరమ్మ చూస్తుంది, నువ్వు గడ్డి మోపులు లెక్కచూసుకో అన్నారు. నేను కూడా ఆయన మొహం చూడకుండా బండెక్కాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆఖరున దూకాం. నేలంతా బురద. కానీ నా కాళ్ళలో సత్తువ ఉంది, కళ్ళ ముందు కంచెలు ఒకటికి రెండు కనిపించలేదు. ఒక్క కర్ర పడింది. జట్టులో ఆఖరి చోటు మాది.

దిగి గయ్యాళి కాళ్ళకు చన్నీళ్ళు పోస్తుంటే, మాతోపాటే పోటీకి వచ్చిన డాక్టరమ్మ పక్కకొచ్చింది. "కడుపు మూగబోయిన గుర్రం ముందు జావ పెట్టుకుని తింటారటమ్మా ఎవరైనా? దాన్ని తిండి వాసనక్కూడా దూరంగా ఉంచాలి. ఇన్నేళ్ళు వాళ్ళింట్లో పెరిగావు, అనుమానం రాలేదా?" అంది. బాబాయి ఫోన్ చేసి, గుర్రం దివ్యంగా ఉంది, రెండు గంటలాగి రండి, అమ్మాయికి తిన్నది ఒంటబట్టాలి అన్నాడట.

నేను బాబాయిని వెతుక్కుంటూ వెళ్ళాను. బండి వెనకాల మేత తూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడే వెళ్ళి ఓనరు గారికి నిజం చెప్పేస్తానన్నాను.

"చెప్పి? గుర్రం పోగొట్టుకుంటావా? నోరు మూసుకో అమ్మడూ."

"మరి నీ పేరు పోయింది కదా బాబాయ్."

"ముప్ఫై ఒక్కేళ్ళు వాడుకున్నాంలే. దాని కడుపు వినబోతే నీ కడుపు రొద అడ్డమొస్తోంది. ఏం చెయ్యను?" అన్నాడు తూకం మీంచి తలెత్తకుండా.

సాయంత్రం ఓనరు గారు మంచి హుషారుగా ఉన్నారు. జట్టులో చోటు తెచ్చావు, ఏం కావాలో అడుగు అన్నారు. కొత్త జీను అడుగుతాననుకున్నారు, బీరువా తాళాలు కూడా తీశారు.

"మా బాబాయి విని సరేనంటేనే నేను గుర్రం ఎక్కుతానండీ," అన్నాను.

"ఆ చెవి తప్పు విన్నదిగా ఇవాళ?"

"ముప్ఫై ఒక్కేళ్ళకు ఒక తప్పండీ. నేను ఇవాళ ఒక్క పూటలో ఒక కర్ర పడగొట్టాను. నన్నేం చేద్దాం?"

ఆయన తాళాలు జేబులో వేసుకుని, సరే పొమ్మన్నారు.

ఇప్పుడు స్వారీ మానేసి పిల్లలకు నేర్పుతున్నాను గనక ఇదంతా ధైర్యంగా రాస్తున్నాను. ఆనాటి మర్నాడు పొద్దున బాబాయి యథాప్రకారం వచ్చి గయ్యాళి డొక్కకు చెవి ఆనించాడు. నాలుగు చోట్లా విన్నాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు, పెదవుల మీద నవ్వు మాత్రం దాచుకోలేకపోయాడు. ఆయన అడక్కముందే చెప్పేశాను, ఇవాళ కడుపునిండా తిన్నానని.

"నువ్వు చెప్పక్కర్లేదు," అన్నాడు. "ఇవాళ గుర్రం ఒక్కటే వినిపిస్తోంది."