గీకని రాగి

మొన్న ఆదివారం కొబ్బరి చట్నీ సగం నలిగాక మా మిక్సీ మూలిగి ఆగిపోయింది. మరుక్షణం వంటింటి నిండా ఆ వాసన. రాగి తీగ మీది ఎనామిల్ పూత మాడిన వాసన అది. గోరు కాలినట్టు సూటిగా ముక్కుకు ఎక్కుతుంది. మా వీధి చివర రిపేర్లు చేసే అతను వచ్చి మోటారు విప్పాడు. తెగిన తీగ కొసను బ్లేడుతో రెండుసార్లు గీకి మెలిపెట్టబోతుంటే నేను ఆపాను. "కింది వైపు గీకావా? ఏదీ, వెలుతురులోకి తిప్పు" అన్నాను. అతను బిత్తరపోయి మా ఆయన వంక చూశాడు. "చూపించవయ్యా, లేకపోతే నిన్ను కదలనివ్వదు. దేవుడు ప్రత్యక్షమైనా రేషన్ కార్డు అడిగే మనిషి" అన్నాడు మా ఆయన. ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. రత్నమ్మక్క అంటించింది.

తొంభైల చివర్లో, పదో తరగతి అయ్యాక, మా ఊరు చింతామణి నుంచి పట్నం వచ్చి బొమ్మనహళ్ళిలో మా పిన్ని ఇంట్లో దిగాను. అక్కడే ఒక చిన్న కార్ఖానాలో పని దొరికింది. కింది అంతస్తులో గార్మెంట్సు వాళ్ళు, పై అంతస్తులో మేము. వోల్టేజి స్టెబిలైజర్లలో పెట్టే కాయిళ్ళు చేసేవాళ్ళం. కాయిల్ నుంచి బయటికి వచ్చే తీగ కొసల మీది పూత గీకి, వాటికి కరిగిన సీసం పట్టించి, పిన్నులకు అతికించడం ఆడవాళ్ళ పని. ఆ పనికి పెద్ద రత్నమ్మక్క. నలభై దాటిన మనిషి, రోజూ హొసకోటె నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. మొదటి రోజు ఒక తీగ ముక్క నా చేతిలో పెట్టి అడిగింది.

"ఇది ఏం రంగు ఉండాది?"

"రాగి రంగక్కా."

"తప్పు. అది పూత రంగు. రాగి లోపల ఉండాది. అది నువ్వింకా చూడనే లేదు."

తీగను చెక్క ముక్క మీద పెట్టి, సగం విరిచిన బ్లేడును నిలువుగా పట్టుకొని మెల్లగా లాగాలి. కొంచెం తిప్పి మళ్ళీ లాగాలి. అలా నాలుగు వైపులా. గట్టిగా నొక్కితే తీగలో గాటు పడి, నెల తర్వాత ఎవరింట్లోనో తెగుతుంది. తేలిగ్గా గీకితే పొర మిగిలిపోతుంది. దాని మీద సీసం కూర్చున్నట్టే కనిపిస్తుంది కానీ కరెంటు నిలకడగా పోదు. ట్యూబులైటు కింద చూసినదాన్ని రత్నమ్మక్క నమ్మేది కాదు. ప్రతి కొసనూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తిప్పి తిప్పి చూసి, గోటితో రాసి, అప్పటికీ సందేహంగానే ట్రేలో పెట్టేది. మనుషుల సంగతీ అంతే. రాగి తుక్కుకు బయట మంచి ధర ఉంది కాబట్టి సాయంత్రం గడప దగ్గర నిలబడి మా అందరి టిఫిన్ డబ్బాలు తెరిపించేది. మూడో రోజు నా డబ్బాలో మిగిలిన ముద్దను కూడా చెంచాతో కదిపి చూసింది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. పూలు కట్టి అమ్ముకొనే ఇంటి పిల్లనే కానీ, దొంగ అని నన్ను ఎవరూ అలా చూడలేదు.

అనుమానం అంటువ్యాధి. ఆమె మమ్మల్ని అనుమానిస్తే మేం ఆమెను అనుమానించేవాళ్ళం. రోజూ పొద్దున్నే ఆమె యజమాని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొనేది. పది నిమిషాల తర్వాత బయటికి వచ్చేది, మొహంలో ఏమీ తెలియనిచ్చేది కాదు. "మన మీద చాడీలు మోస్తోంది" అనేదాన్ని నేను, పక్కన కూర్చునే షాహీనాతో. షాహీనాది హిందూపురం, రెండేళ్ళ కొడుకు తల్లి. "సుమ్నె ఊరికే అనొద్దు పద్మా, చూసినామా?" అనేది. నాకు మాత్రం చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది.

మేం చేసిన కాయిల్‌కు ఎవరి రంగు దారం వాళ్ళం కట్టాలి. నాది పచ్చ, షాహీనాది పసుపు. తప్పు బయటపడితే దారం చూసి మనిషిని పిలుస్తారు. మా ఇద్దరిలో ఒకరినే పర్మనెంటు చేస్తానని యజమాని అప్పటికే చెప్పి ఉన్నాడు. నాకు ఆ పని కావాలి. అది లేకపోతే మళ్ళీ చింతామణి వెళ్ళి అమ్మ పక్కన కూర్చుని కనకాంబరాలు కట్టాలి.

ఆ రోజుల్లోనే నాకొక దగ్గరిదారి దొరికింది. అప్పుడు వాడుతున్న రీలు తీగను కరిగిన సీసంలో కాసేపు ముంచితే పూత దానంతట అదే కరిగిపోయేది, గీకే పనే ఉండదు. రత్నమ్మక్క ఒకసారి పట్టుకుంది.

"ఈ రీలు కరిగినాదని రేపొచ్చే రీలు కరుగుతాదా? పైకి అన్నీ ఒకే ఎరుపు. గీకు."

ఆమె చూస్తుంటే గీకేదాన్ని.

కొత్త రీలు ఎక్కించిన రోజు మధ్యాహ్నం రత్నమ్మక్క మరికొంత తీగ తేవడానికి నగర్తపేట బజారుకు వెళ్ళింది. "బిడ్డకు జొరం తగ్గలేదు, నేను లేనని ఎవురికీ చెప్పొద్దు" అని షాహీనా మెల్లగా జారుకుంది. నా ట్రే నేను శుభ్రంగా గీకి ముగించేసరికి నాలుగు దాటింది. అయిదింటికి లోడు బండి. షాహీనా ట్రే ఖాళీగా ఉంటే ఆమె దొరికిపోతుంది. అందుకని ఆమె కాయిళ్ళు నేను తీసుకొని, కొసలు సీసంలో ముంచాను. సీసం కొంచెం మొండికేసింది. ఇంకాసేపు ముంచి, పిన్నులకు చుట్టి, పైన సీసం ముద్ద పెట్టి, కరెంటు పోతోందో లేదో చెప్పే మీటరు తగిలిస్తే కూసింది. పసుపు దారాలు కట్టాను. రత్నమ్మక్క తిరిగి వచ్చేసరికి బండి వెళ్ళిపోయింది.

నావి గీకాను, ఆమెవి ముంచాను. తొందర వల్లే అని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ మాటను నేనే నమ్మలేకపోతున్నాను.

రెండు వారాలకు పెట్టె వెనక్కి వచ్చింది. పనిచేయని కాయిళ్ళు, అన్నిటికీ పసుపు దారాలే. యజమాని కేకలకు కింద కుట్టు మిషన్లు కూడా ఆగాయి. షాహీనా నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. ఆ పూట తాను లేనని చెబితే పని వదిలి పారిపోయిన తప్పు, చెప్పకపోతే చెడగొట్టిన తప్పు. రత్నమ్మక్క ఒక కాయిల్ తీసుకొని కిటికీ దగ్గరికి నన్ను పిలిచింది. సీసం ముద్దను బ్లేడుతో చీల్చింది. లోపల తీగ నిగనిగలాడుతూ, పూత చెక్కు చెదరకుండా ఉంది. కోసిన కొస దగ్గర మాత్రం సూది మొనంత రాగి సీసానికి తగిలింది. మీటరు కూసింది దాని పుణ్యానే.

"ఈ దారం ఎవురిది?"

"షాహీనాది."

"ముడి ఎవురిది?"

షాహీనా మామూలుగా రెండు ముళ్ళు వేస్తుంది. ఆ పసుపు దారాలన్నిటికీ ఉన్నది పూలు కట్టేవాళ్ళు వేసే ముడి, వేలి మీద మెలితిప్పి లాగేది. ఆ హాల్లో అలా వేసేది నేనొక్కదాన్నే.

"సారు సాయంత్రం తీర్మానం చేస్తాడు. అంతలోపల నువ్వే పోయి చెప్పు" అని ఆమె వెళ్ళిపోయింది.

నేను వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళాలి? ఈమె ఎలాగూ మోస్తుంది కదా అనుకున్నాను. పొద్దున్నే తలుపు వేసుకొని చెప్పే మనిషి, ఇంత పెద్ద సంగతి కడుపులో దాచుకుంటుందా? పిలిస్తే ఒప్పుకుందాం, కాళ్ళు పట్టుకుందాం అని చేతిలో బ్లేడుతో అయిదున్నర దాకా కూర్చున్నాను. అయిదున్నరకు షాహీనాను పిలిచారు. ఆమె బయటికి వచ్చి చెప్పులు వేసుకొని మెట్లు దిగిపోయింది. గడప దగ్గర రత్నమ్మక్క మా అందరి డబ్బాలు తెరిపించింది, షాహీనాది తప్ప.

బస్ స్టాప్ దాకా రత్నమ్మక్క వెనకాలే పరుగెత్తాను.

"నువ్వు సారుకు చెప్పలేదా అక్కా?"

"నువ్వు ముంచింది నేను కండ్లతో చూస్తినా? చూడంది ఎట్ల చెప్తాను?"

"మరి ముడి..."

"ముడి చూసి నిన్ను అడిగితిని. ఒకరి మీద పోయి చెప్పేదానికి అది చాలదు." బస్సు వస్తోంది. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. "నువ్వే చెప్తావనుకొంటినమ్మా" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మరునాడు చెప్పవచ్చు. ఆ తర్వాత వారమైనా చెప్పవచ్చు. చెప్పలేదు. పర్మనెంటు అయ్యాను. రత్నమ్మక్క నా కాయిళ్ళను ఎప్పటిలాగే కిటికీ దగ్గర తిప్పి చూసేది, నా డబ్బా ఎప్పటిలాగే తెరిపించేది, ఆ సంగతి మాత్రం మళ్ళీ ఎత్తలేదు. కొన్నేళ్ళకు ఆమె మోకాళ్ళ నొప్పులతో పని మానేస్తే ఆ స్థానం నాకిచ్చారు. మొదటి పొద్దున యజమాని గదిలోకి పిలిచారు. ఆ గదిలో తూకం యంత్రం ఉంది. ఆ రోజు వాడబోయే తీగ రీళ్ళను యజమాని ముందు తూచి తెచ్చుకోవాలి. పది నిమిషాల పని. చాడీలు చెప్పడానికి అక్కడ కుర్చీ కూడా లేదు.

నేనూ ఇప్పుడు ఎవరి పనినీ చూడకుండా వదలను. అది ఆమె నేర్పింది, మంచిదే నేర్పింది. కానీ అంతమందిని అన్నేళ్ళు కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసిన మనిషి, నేనే వెళ్ళి చెబుతానని ఒక్క మధ్యాహ్నం చూడకుండా నమ్మింది, అదీ నన్ను. షాహీనా ఎక్కడికీ పోలేదు. బొమ్మనహళ్ళిలోనే ఒక గార్మెంట్సులో చేరింది. సిగ్నలు దగ్గర రెండుసార్లు ఎదురుగా వచ్చింది. మొదటిసారి పక్కన కొడుకున్నాడు, తల్లి భుజం దాకా ఎదిగాడు. రెండుసార్లూ నేను రోడ్డు దాటి అవతలి వైపుకు వెళ్ళిపోయాను.