రాహేలమ్మ చెప్పిన ఆమెన్

వచ్చే వారం సువార్త పని మీద కెన్యా వెళ్తున్నాను. విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. ఆ సంబరంలో ఇవాళ పత్తర్‌గట్టిలో సూట్‌కేసు కొని, దానితోనే యాకుత్‌పురా వెళ్లాను, మంచాన పడ్డ మా సంఘం పెద్దావిడ రాహేలమ్మను చూడ్డానికి. ఆమె సూట్‌కేసు వంక చాలాసేపు చూసింది.

“అయ్యగారూ, మీరొచ్చేదాక నేనుంటనో ఉండనో. నా సమాధి ప్రార్థన ఇప్పుడే చేసి పోండ్రి. నేను గూడ చెవులార ఇంట.”

“గట్లనకమ్మా, మంచిగుంటవు.”

“మీరు ఫికర్ లేకుండ పోవాలె గదా. చెయ్యుండ్రి.”

చేశాను. ఇన్నేళ్లలో ఎన్నో సమాధి ప్రార్థనలు చేశాను గానీ, చివర్లో పోయే మనిషే గట్టిగా ఆమెన్ అనడం ఇవాళే విన్నాను.

ఖాళీ సూట్‌కేసు ఇంటిదాకా మోయడం కష్టమైంది. చెప్పండి, మీరైతే ఆ విమానం ఎక్కుతారా?