బండి వాటా

మా బండి దిగినవాళ్లను ఎక్కడినుంచి వస్తున్నారని ఎవరూ అడగరు. చొక్కానో, చీరో ముందే చెప్పేస్తుంది. నేను ఆ బండికి డ్రైవరుని. పెళ్లిచూపులకు పోయేముందు సబ్బు అరిగిపోయేదాకా రుద్దుకున్నాను. అయినా పిల్ల తల్లి ముక్కు ఎగబీల్చి, "అబ్బాయిది సముద్రం పక్కనేనా?" అంది. చదువు ఏడో తరగతిలోనే వదిలేసినవాణ్ణి, ఇక దాచుకోవడానికి నా దగ్గర మాత్రం ఏముంది?

బండి ఓనరును చిన్నాపెద్దా అందరూ అన్న అనే అంటారు. టౌన్లో ఆయనకు టైర్ల షాపుంది. పంక్చర్లు వేస్తూ పైకొచ్చిన మనిషి. ఒకరోజు షాపు ఎదురుగానే ఒక బస్సులోంచి చేపలమ్మే ఆమెను గంపతో సహా దించేశారు. వాసనంట. జువ్వలదిన్నె వైపునుంచి చేపలు తెచ్చి మెట్ట ఊళ్లలో వీధి వీధీ తిరిగి అమ్ముకునే మనిషి ఆమె. ఎండెక్కితే చేప ఆగదు. అన్న చేతిలో టైరు అక్కడే వదిలేసి, గంపను మోపెడ్ ముందు పెట్టి, ఆమెను వెనక ఎక్కించుకుని పోయాడు. మర్నాడు అదే చోట ఇంకా కొందరు గంపలతో నిలబడ్డారు. "నిన్న మా వదినను తీసకపోయినావంట గదన్నా?" అన్నారు. అట్లా ఆ మోపెడ్ కాస్తా పాత మినీబస్సయింది.

బస్సులో వెనక సగం సీట్లు పీకించేసి రేకు పరిపించాడు. చేపల నీళ్లు కారిపోవడానికి దానికి కొంచెం వాలు, చివర ఒక కంత. గంపలు లేనివాళ్లకు ముందు సీట్లు. టైమంటూ లేదు. పడవలు ఒడ్డుకు వచ్చేటప్పుడు నాకు ఫోనొస్తుంది. "అబ్బయా, పడవలు కనపడతా ఉండాయి, తియ్ బండి!" తిరుగుదారిలో ఖాళీగా రావడం అన్నకు గిట్టదు. మెట్టలో కాయగూరలు, టౌన్లో ముసలివాళ్ల మందులు ఎక్కించుకుని వచ్చేవాళ్లం. ఒకసారి మేకను కూడా తెచ్చాం. దారంతా అది కిటికీ వైపే మొహం పెట్టుకుని కూర్చుంది.

కష్టం ఇంజినుతో వచ్చింది. మెకానిక్ చెవి పెట్టి విని, పెద్ద డాక్టరులా తలూపాడు. "మార్చాల్సిందేనన్నా. ఇది ఎప్పుడు నిలబడిపోతాదో నేను చెప్పలేను." కొత్తది కొనే శక్తి షాపుకు లేదు. సరిగ్గా అప్పుడే ఒక రొయ్యల ఫ్యాక్టరీ మేనేజరు షాపుకొచ్చాడు. పనివాళ్లను రోజూ దించడానికి బండి కావాలట. ఇంజిను కూడా వాళ్లే వేయిస్తారట. కాకపోతే షిఫ్టు టైముకు గేటు దగ్గరుండాలి, బండిలో గంప అనేది ఎక్కకూడదు.

"రొయ్యల ఫ్యాక్టరీకి చేపల వాసన పడదా సార్?" అన్నాను. అన్న నా కాలు తొక్కాడు.

ఆ కబురు నాకంటే ముందే చేపలవాళ్ల ఊరు చేరింది. మర్నాడు బండిలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ ఆడవాళ్లు మాట్లాడకుండా కూర్చోగలరని నాకు అప్పటిదాకా తెలియదు. ఎవరినీ ఎక్కించుకోకుండా వచ్చేశానేమోనని అద్దంలో చూసుకున్నాను. చివరికి అందరిలోకీ పెద్దదైన అవ్వ, నా పక్క సీట్లో ఉన్న అన్నను చూసి గొంతు సవరించుకుంది.

"ఒప్పుకో నాయనా. బండి చచ్చిపోతే నీకూ లేదు, మాకూ లేదు. మేం మళ్లా నెత్తిన పెట్టుకుంటాం. నెత్తి యాడికీ పోలేదు."

"నెత్తి సరేలే అవ్వా, మోకాళ్లో?" అన్నాను.

"అవి ఎప్పుడో పోయినాయి."

బండంతా నవ్వింది. అన్న నవ్వలేదు. దిగగానే మేనేజరుకు ఫోన్ చేశాడు. "సార్, మీ షిఫ్టుకు గడియారం ఉంది, మా పడవలకు లేదు. రెండూ ఒక బండిలో పట్టవు."

"పిచ్చి గానీ పట్టిందా అన్నా నీకు?" అన్నాను.

"లేకపోతే నిన్ను డ్రైవరుగా పెట్టుకుంటానా?" అన్నాడు.

కొన్నాళ్లకే ఇంజిను మెట్ట దారిలో ప్రాణం వదిలింది. బండి షెడ్డుకు పోయింది, గంపలు మళ్లీ నెత్తికెక్కాయి. అన్న మూలన పడేసిన మోపెడ్ బయటికి తీసి, అవ్వలాంటి నడవలేనివాళ్లను ఒక్కొక్కరినే దింపి వచ్చేవాడు. టైర్లకొచ్చినవాళ్లు షాపు ముందు కూర్చుని, విసుగుపుట్టి పోయేవాళ్లు.

ఆ ఊళ్లో పట్టిన చేపను పంచుకునే పద్ధతి ఒకటుంది. మనిషికో వాటా, ఆపైన వలకొకటి, పడవకొకటి. ఒకరోజు ఇసుకలో కుప్పలు పోయిస్తూ, ఊరి పెద్ద అయిన పెద్దకాపు ఇంకో కుప్ప పెట్టమన్నాడు.

"ఇదెవురికి మామా?" అన్నాడు ఒక పడవాయన.

"బండికి."

"బండి యాడన్నా సముద్రంలోకి దిగిందా?"

"నువ్వు పట్టిన చేపను నీ పెండ్లాం మెట్టకు ఎట్టా తీసకపోయింది రా ఇన్నాళ్లూ? రెక్కలు కట్టుకుని ఎగిరిందా?"

ఆరోజు నుంచి ప్రతి పడవా బండి వాటా తీసి పక్కన పెట్టింది. అన్న వద్దంటే వద్దన్నాడు. పైగా ఆయన చేప తినడు, ముళ్లంటే భయం. "నాకెందుకు అవ్వా ఇదంతా?" అని మొత్తుకున్నాడు.

"నీకెవురిచ్చినారు? బండికిస్తా ఉండాం. దానికి ముళ్ల భయం లేదు" అంది అవ్వ.

ఆడవాళ్లు వంతులేసుకుని ఆ వాటాను తమ చేపలతో పాటు మోసి అమ్మారు. బండి కోసమంటే మెట్టవాళ్లు బేరమే ఆడలేదట. అది నేను నమ్మను. కొంచెం తక్కువ ఆడి ఉంటారు.

మధ్యలో వేట ఆపించిన తుఫానులు తగ్గి పడవలు మళ్లీ పోయేసరికి ఆ డబ్బుతో బండికి కొత్త ఇంజినొచ్చింది. ఒడ్డుకు తోలుకుపోయాను. కొత్త పడవకు చేసినట్టే బానెట్టుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టారు. అవతల కుప్పలు పోస్తున్నారు. అన్న ఎప్పటిలాగే దూరంగా నిలబడి, టైర్లలో గాలి ఎట్లా ఉందో కాలితో తన్ని చూసుకుంటున్నాడు.

"ఏమబ్బా, పడవలోళ్లంతా ఈడుంటే నువ్వాడేం చేస్తా ఉండావు?" అని పెద్దకాపు కేకేశాడు.

"ఇంజినొచ్చింది గదా మామా, ఇంక వాటా ఎందుకు?"

"పడవ నీళ్లలో దిగినాక వాటా ఆపేస్తారా? కాకపోతే ఒకటి. ఊళ్లో చావయితే పడవ కదలదు. నీ బండీ కదలకూడదు. ఒప్పుకుంటేనే రా."

అన్న చెప్పులు విడిచి, ఇసుకలో నడిచిపోయాడు. వాటాలకు నిలబడ్డ పడవలోళ్ల వరసలో ఎక్కడ నిలబడాలో తెలియక చివర్న ఆగిపోయాడు. వాటా ఎందుకని అడిగిన ఆ పడవాయనే పక్కకు జరిగి, చెయ్యి పట్టుకుని ఆయన్ను మధ్యలోకి లాక్కున్నాడు.