బాత్రూం స్లాబు గీకిన ఆదివారం

మా ఇంట్లో మరమ్మతులు నా శాఖ. మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ఒక పనికి మూడు పనులు పుడతాయి, అందుకని ఆయన్ని కాఫీ పెట్టడానికే వాడుకుంటాను. ఈ పరాయి దేశంలో, టోవా పాయో అనే పేటలో మాది పాత ఫ్లాటు. ఏడాది చివర వానలు మొదలయ్యేలోపు కిటికీల బందులు బిగించాలి, ఏసీ జాలీలు కడగాలి, బాత్రూంలో నీళ్లు పోయే కన్నంలో పేరుకున్న జుట్టు లాగాలి. అన్నిటికంటే విసుగు పుట్టించేది బాత్రూం పైకప్పు. పైఇంటి తడి దిగి, పెయింటు అప్పడంలా ఉబ్బి పెచ్చులూడుతుంది. ప్రతి ఏడూ గీకి, పుట్టీ పెట్టి, రెండు పూతలు వెయ్యాల్సిందే.

పైఇంట్లో ఒక చైనీస్ ఆంటీ ఒంటరిగా ఉండేది. ఎనభై దాటిన మనిషి. ఊరికి ఆ చివర వుడ్‌ల్యాండ్స్‌లో ఉండే కూతురు తన దగ్గరకి వచ్చెయ్యమని ఎన్నేళ్లుగానో పోరుతోంది. ఆంటీ ససేమిరా అనేది. లిఫ్టులో కనిపించినప్పుడల్లా "మై హౌస్, ఐ స్టే. డై ఆల్సో హియర్ లా," అని ఇక్కడి ఇంగ్లీషు యాసలో చెప్పి నవ్వేది. తన ఇంట్లో, తన స్టవ్ మీద, తను వండుకుంటూ ఉండటం తప్ప ఆవిడకి ఇంకో కోరిక ఉన్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు.

ఆ ఆదివారం పొద్దున పని మొదలుపెట్టే ముందు, చప్పుడవుతుందని చెప్పి రావడానికి పైకి వెళ్లాను. ఇనుప గేటుకి తాళంకప్ప వేలాడుతోంది. లోపలి తలుపు మూసి ఉంది. కూతురింటికి వెళ్లిందనుకుని దిగి వచ్చేశాను. మన వైపు గుమ్మానికి కప్ప కనబడిందంటే ఇంట్లో మనిషి లేనట్టే, బెల్లు కొట్టడం కూడా దండగ. ఇక్కడి ముసలివాళ్లు లోపలుండే గేటు ఊచల్లోంచి చెయ్యి పెట్టి తాళం వేసుకుంటారని నాకు తెలియక కాదు. పదిహేనేళ్లుగా చూస్తున్నదే. అయినా కప్పని చూడగానే కాళ్లు వాటంతట అవే వెనక్కి తిరిగాయి.

బయట మబ్బు పట్టి, పదింటికే లైటు వేసుకోవాల్సి వచ్చింది. నిచ్చెనెక్కి పుట్టీ రేకుతో నాలుగుసార్లు గీకానో లేదో, నెత్తిమీద టక్ టక్ మంది. ఆగాను. ఏమీ లేదు. పైపుల్లో గాలి అనుకుని మళ్లీ గీకాను. మళ్లీ టక్ టక్. నేను ఆపితే అది ఆగుతోంది, నేను గీకితే అది పలుకుతోంది. చూద్దామని ఊరికే ఒక్క గీత గీశాను. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత, ఆలోచించుకుని చెప్పినట్టు, రెండే రెండు దెబ్బలు. తాళం వేసిన ఇంట్లోంచి. నాకు భయం వేసింది.

మూడు నెలలు ఉండి వెళ్దామని గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు, బాత్రూం గుమ్మం దగ్గర నిలబడి చెవి ఒగ్గి విన్నారు. ఆవిడ ముఖం పాలిపోయింది.

"పలకమాకమ్మాయ్," అన్నారు గొంతు తగ్గించి. "రెండుసార్లు పిలిచి ఊరుకునేది మనిషి కాదు. మూడోది వినపడందే పలకగూడదు. ఆ రేకు కింద పెట్టి ఇవతలకి రా."

"పైన ఎవరూ లేరత్తయ్యా, తాళం వేసుంది."

"లేరు గనకే చెబుతున్నా."

భయమేస్తే నాకు కోపం వస్తుంది. అది నా పుట్టుబుద్ధి. ఇంకోసారి టక్ టక్ మనగానే రేకు తిరగేసి, దాని కర్రపిడితో స్లాబు మీద గట్టిగా ఒక్కటి కొట్టాను. ఆ మూడోదేదో నేనే కొట్టేస్తే పీడా పోతుందని. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అంతే, పైన ఆగిపోయింది. మళ్లీ గీకాను, చప్పుడు లేదు. గంటసేపు గీకాను. ఆ నిశ్శబ్దం చప్పుడు కంటే అన్యాయంగా ఉంది. పైన ఏదో ఊపిరి బిగబట్టి నా కోసం ఎదురు చూస్తున్నట్టు అనిపించి, రెండు మూడుసార్లు నిచ్చెన దిగి ఇవతలకి వచ్చేశాను. ఉప్పు కాగితం పట్టి, పుట్టీ పెట్టి, సాయంత్రానికి రెండో పూత కూడా పూర్తి చేశాను. మా ఆయన చూసి, "దయ్యాలక్కూడా నువ్వంటే హడలే," అన్నాడు. నేనూ నవ్వాను. పైకి వెళ్లి బెల్లు కొట్టి చూద్దామని ఆ రోజంతా అనిపించలేదా అంటే, అనిపించింది. భయపడి వెళ్లలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసుకి బయల్దేరి బటన్ నొక్కితే, తెరుచుకున్న లిఫ్టు నిండా స్ట్రెచర్. దాని మీద ఆంటీ. పక్కన కూతురు ఏడుస్తోంది. తల్లికి గంజి తెచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో గేటు తీసి చూసిందట. ఆంటీ ఆదివారం పొద్దున్నే బాత్రూంలో జారి, తుంటి విరిగి, ఒక పగలూ ఒక రాత్రీ ఆ తడి నేల మీదే పడి ఉంది. గొంతు పెగల్లేదు. నేల తోమే బ్రష్షు ఒకటి చేతికి అందింది. రెండు దెబ్బలు కొట్టేసరికి చెయ్యి సోలిపోయేదట.

రెండు వారాలు నాకు తిండి సయించలేదు. చివరికి నారింజపళ్లు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. నన్ను చూడగానే ఆంటీ ముఖం విచ్చుకుంది. నా చెయ్యి పట్టుకుని కూతురితో చెప్పింది:

"దిస్ వన్, డౌన్‌స్టెయిర్స్. షీ నాక్ బ్యాక్, యూ నో. సో ఐ స్టాప్ ఆల్రెడీ. ఐ వెయిట్ ఫర్ హర్."

నేను కొట్టిన దెబ్బని ఆవిడ 'వస్తున్నా' అని విన్నది. వస్తానన్న మనిషిని ఇంకా పిలవడం ఎందుకని బ్రష్షు పక్కన పెట్టేసింది.

కూతురు నా వైపు తిరిగింది. "యూ హర్డ్ హర్?"

"నో," అన్నాను. "ఐ డిడ్‌న్ట్ నాక్. మే బీ ఆంటీ ఈజ్ కన్ఫ్యూజ్డ్."

ఎందుకన్నానో చెప్పుకోవడానికి నా దగ్గర సాకు లేదు. సిగ్గుపడ్డాను, తప్పించుకున్నాను. కూతురు నిట్టూర్చింది. అమ్మ మనసు స్థిమితంగా ఉందా అని డాక్టర్ కూడా అడుగుతున్నాడనీ, ఇలా లేనివి విన్నట్టు చెబుతున్న మనిషిని ఒంటరిగా ఎలా వదలాలనీ, వుడ్‌ల్యాండ్స్ తీసుకెళ్లిపోయి ఆ ఫ్లాటు అమ్మేస్తాననీ చెప్పింది.

ఆంటీ మా ఇద్దరి మాటలూ వింది. కాసేపు నన్నే చూసి, నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.